ఏ1సీ 6.1 వచ్చింది, మనిషిని సన్నగానే ఉన్నా. అన్నం మానకుండా ఏం చెయ్యొచ్చు?

లెక్కల_రాజు (విజయవాడ), ఫిబ్రవరి 18

అందరికీ నమస్కారం. నా వయసు 43. వన్‌టౌన్‌లో ఒక గుడ్డల షాపులో లెక్కలు రాస్తాను. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేవడం. పోయిన వారం ఇన్సూరెన్స్ కోసం రక్త పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది, పరగడుపు షుగర్ 108. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 66 కిలోలు. చూసినవాళ్ళంతా "నీకేంటయ్యా, పుల్లలా ఉన్నావు" అంటారు. షాపులో టేపు పెట్టి బొడ్డు దగ్గర కొలిస్తే మాత్రం 37 అంగుళాలు.

డాక్టరు గారు మందులు ఇప్పుడే వద్దు, తిండి, నడక చూసుకుని మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఇంటికొచ్చానో లేదో సలహాలు మొదలు. మా అక్క రాగిజావ తాగమంది. బావమరిది అన్నం పూర్తిగా మానెయ్ అన్నాడు. పక్కషాపాయన మెంతులు నానబెట్టుకోమన్నాడు. ఫోన్‌లో ఒకాయన పండ్లు ముట్టుకోవద్దంటే ఇంకొకాయన పండ్లే తినమంటాడు. ప్రతి ఒక్కరూ "రీసెర్చ్‌లో తేలింది" అనే మొదలుపెడతారు. ఏ రీసెర్చో, ఎవరి మీద చేశారో ఒక్కరూ చెప్పరు. మీలో చదివినవాళ్ళెవరైనా ఉంటే మన ఇళ్ళల్లో కుదిరేదేదో చెప్పండి.

ల్యాబ్_బాబాయ్ (గుంటూరు)

రాజుగారూ, ఇరవై ఏళ్ళుగా రక్తం తీసే పని నాది. డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా. ఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. మీరు గట్టు మీద ఉన్నారు, ఇంకా కాలవలో పడలేదు. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చూడండి. ఐరన్ తక్కువై రక్తం పలచబడ్డవాళ్ళకి ఏ1సీ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు.

ఇక "పుల్లలా ఉన్నావు" అన్న మాట. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కనే నిలబడ్డ ఫొటో వేశారు. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. పైకి ఒకేలా ఉన్నారు, లోపల సరుకు వేరు. అందుకే మనవాళ్ళకి అధిక బరువు గీత 25 దగ్గర కాదు, 23 దగ్గరే గీశారు. నడుం మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. మీ 37 అంగుళాలంటే 94. బీఎంఐ లెక్కేస్తే 23.5 వస్తోంది. రెండు గీతలూ దాటారు మరి.

లెక్కల_రాజు

హిమోగ్లోబిన్ 14.2 అండీ. కాబట్టి తప్పించుకునే దారి లేదు.

నిమ్మకాయ_నీళ్ళు (విజయవాడ)

ఇంత ఆలోచన దేనికి గురూ. అన్నం, రొట్టె, పండు అన్నీ బంద్. రోజుకి 70 గ్రాముల కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, ఒక మల్టీవిటమిన్. అప్పట్లో బెజవాడంతా చేసింది కదా, కొబ్బరినూనె దొరక్క కొట్ల చుట్టూ తిరిగాం. మా బావగారు మూడు నెలల్లో 14 కిలోలు తగ్గారు. మా వాట్సాప్ గ్రూపులో అందరూ తగ్గారు.

బ్రాడీపేట_నాలుగో_లైను (గుంటూరు)

లెక్చరర్ని, స్టాటిస్టిక్స్ చెప్తాను. కాబట్టి కాస్త బోరు కొడతాను, ఓపిక పట్టండి.

నిమ్మకాయ గారూ, మీ బావగారు తగ్గలేదని నేనను. కానీ ఆ గ్రూపులో ఇప్పుడెవరున్నారు? తగ్గినవాళ్ళే. రెండో వారంలో కళ్ళు తిరిగి పెరుగన్నం తినేసినవాడు చప్పుడు చేయకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయి ఉంటాడు. ఇంటర్‌లో ఫెయిలైనవాళ్ళని లెక్కలోంచి తీసేసి కాలేజీలు వేసే ర్యాంకుల హోర్డింగుల్లాంటిదే ఇదీ.

దీన్ని సరిగ్గా చూడాలంటే ఏం చెయ్యాలో స్టాన్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ బృందం చేసి చూపించింది, 2018లో ప్రచురించారు. 609 మందిని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి కొవ్వు తగ్గించమన్నారు, రెండో గుంపుకి పిండిపదార్థం తగ్గించమన్నారు. ఏడాది తర్వాత చూస్తే మొదటివాళ్ళు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. ప్రతి గుంపులోనూ బోలెడు తగ్గినవాళ్ళున్నారు, కొద్దిగా పెరిగినవాళ్ళూ ఉన్నారు. అంటే మీ బావగారిలాంటివాళ్ళు రెండు గుంపుల్లోనూ దొరుకుతారు.

నిమ్మకాయ_నీళ్ళు

మరి మా బావగారు ఇప్పుడు మళ్ళీ 9 కిలోలు పెరిగారనుకోండి. అది వేరే విషయం.

సత్యనారాయణపురం_అత్తగారు (విజయవాడ)

అదే అసలు విషయం నాయనా!

పథ్యం_పద్మ (విజయవాడ)

డైటీషియన్‌ని. ముందు ఒక హెచ్చరిక, రాజుగారికి కాదు, చదువుతున్న మిగతావాళ్ళకి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు ఈ పోస్టులు చూసి ఉన్నట్టుండి అన్నం మానేసి గంటన్నర నడవకండి. షుగర్ పడిపోయి ఎక్కడో కూలబడతారు. డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు చూసుకోవాలి.

రాజుగారికి మాత్రం మంచి వార్తే. మీలాంటి గట్టు మీదివాళ్ళ మీదే అమెరికాలో పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, ఇవి లక్ష్యాలు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చిన గుంపులో షుగర్ రావడం 31 శాతం తగ్గితే, ఈ లక్ష్యాలు పెట్టిన గుంపులో 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ వాళ్ళు మనవాళ్ళ మీద చేసినదాంట్లో, 2006లో, తగ్గుదల 28.5 శాతమే. మనకి 58 అని ఊదరగొట్టడం ఎందుకని నేను చెన్నై అంకెనే చెప్తుంటాను. అదేం తక్కువ కాదు.

మీరు రోజూ ఏం తింటున్నారో ఒక్క రోజుది రాయండి. దాచకుండా.

లెక్కల_రాజు

దాచను. పొద్దున నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి, కాఫీ. పదకొండింటికి షాపులో టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం క్యారేజీ: అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. పప్పులోకి ఆవకాయ ఉండాల్సిందే. సాయంత్రం ఎవరో ఒకరు పునుగుల పొట్లం తెస్తారు, ఆరో ఏడో తింటాను, టీ. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్ళీ అన్నం, కూర, చారు, పెరుగు. పదిన్నరకి పడక.

పథ్యం_పద్మ

ప్రొటీన్ ఎక్కడుందో వెతుకుదాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాములు. మీ 66 కిలోలకి 55 గ్రాములు. "పప్పు తింటున్నాంగా" అంటారు అందరూ. మీ ఇంట్లో నలుగురికి ఎంత కందిపప్పు వేస్తారు? టీ గ్లాసుడు, అంటే 150 గ్రాములనుకుందాం. అందులో ప్రొటీన్ 33 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి 8. పప్పు గరిటెడు, అన్నం కొండంత, అదీ మన భోజనం.

అన్నం మానొద్దు. మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీలో పప్పు రెట్టింపు చెయ్యండి, కూర కూరలాగా తినండి, నంజుకునేలాగా కాదు. ఇడ్లీ రెండు చాలు, పక్కన రెండు ఉడికించిన గుడ్లు, అంటే 12 గ్రాములు. గుడ్డు తినకపోతే పెసరట్టుకి మారండి. ఉప్మా లేకుండా! పునుగుల బదులు గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన శనగలో. 2024లో ఆ సంస్థే ఇచ్చిన మార్గదర్శకాల్లో తిండి ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దంది. మీ రోజు చూస్తే ఎక్కడికో పోయింది.

సత్యనారాయణపురం_అత్తగారు

రాగిజావ సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఆయనకి షుగర్, ఇంట్లో మెషిన్ ఉంది. రాగిజావ మంచిదని గ్లాసున్నర తాగిన రోజు చూస్తే ఇడ్లీ తిన్న రోజుకంటే ఎక్కువ చూపించింది. మెషిన్ పాడైందని షాపువాడితో గొడవ కూడా పెట్టుకున్నాం.

పథ్యం_పద్మ

మెషిన్ తప్పు కాదు అత్తగారూ. రాగులు మంచివే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ పిండి మెత్తగా ఆడించి, పలచగా కాచి తాగితే పొట్టకి పని మిగలదు, గబగబా రక్తంలోకి వెళ్ళిపోతుంది. సంకటిగా, ఆకుకూరతో తినడం వేరు. "షుగర్ బియ్యం" అని అమ్మే ఆర్‌ఎన్‌ఆర్ 15048 కూడా అంతే. దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత గబగబా పెరుగుతుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉంటుందంటారు, 55 లోపు తక్కువ కిందే లెక్క. కానీ ఆ ధైర్యంతో ఇంకో రెండు హస్తాలు వడ్డించుకుంటే వచ్చిన లాభం పోయినట్టే.

రిటైర్డ్_కండక్టర్ (గుంటూరు)

నడక గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదేమని చూస్తున్నా. ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టాను. పదివేల అడుగులు నడవాలని మా మనవరాలు చేతికి వాచీ కట్టింది. ఏడు వేలకే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పదివేలు ఏ డాక్టరు చెప్పాడమ్మా?

బ్రాడీపేట_నాలుగో_లైను

ఏ డాక్టరూ చెప్పలేదు పెద్దాయనా. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముతూ దానికి పెట్టిన పేరు "మన్పో-కెయ్", అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే లక్ష్యమై కూర్చుంది. 2019లో హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టింది. రోజుకి 2,700 నడిచేవాళ్ళకంటే 4,400 నడిచేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్దగా మార్పు కనిపించలేదు. మీ ఏడు వేలు భేషుగ్గా సరిపోతాయి.

అయితే అదే అధ్యయనాన్ని అనుమానంగా కూడా చదవాలి. నడిచినందుకు బతికారా, ఒంట్లో బాగున్నందుకు నడవగలిగారా? చీటీలు వేసి కొందరిని నడిపించి, కొందరిని కూర్చోబెట్టిన ప్రయోగం కాదది.

మీరు కండక్టరన్నారు కాబట్టి ఇంకో ముచ్చట. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ళని చూశాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చుని నడిపే డ్రైవర్లకి గుండెజబ్బు ఎక్కువ. వ్యాయామం మీద పరిశోధనకి అదే పునాది అంటారు. తర్వాత ఆయనే యూనిఫాం లెక్కలు తెప్పించి చూస్తే, డ్రైవర్ల ప్యాంటు నడుం కొలతలు మొదట్నుంచే ఎక్కువ. అంటే లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లయ్యారేమోనన్న ప్రశ్న. తన ఫలితాన్ని తానే అనుమానించాడు చూడండి, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

రిటైర్డ్_కండక్టర్

మాకు డబుల్ డెక్కర్లు ఎక్కడివి బాబూ. పెళ్ళిళ్ళ సీజన్లో తెనాలి బస్సులో వెనక నుంచి ముందుకి పోయి రావడమే కుస్తీ. మా డ్రైవరు మాత్రం నిజంగానే లావు.

ల్యాబ్_బాబాయ్

రాజుగారూ, మీరు లెక్కల మనిషి. గ్లూకోమీటరు కొని మీ మీదే ప్రయోగం చేసుకోండి. ఒక షరతు. ఆ మిషన్లకి 15 శాతం దాకా అటూ ఇటూ చూపించే వెసులుబాటు ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి నిన్న 150, ఇవాళ 142 అని పండగ చేసుకోకండి. పదిసార్లు కొలిచి సగటు చూడండి. చెయ్యి సబ్బుతో కడిగి తుడుచుకుని గుచ్చండి. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే మీ షుగర్ కాదు, మామిడిపండు షుగర్ వస్తుంది. నా దగ్గరకొచ్చే సగం గాభరాలు ఇవే.

మాడరేటర్

మందులు ఆపేయమని సలహా ఇచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మళ్ళీ పెడితే ఐడీ కూడా పోతుంది.

లెక్కల_రాజు, మార్చి 16

బాబాయ్ చెప్పినట్టు చేశాను. రాత్రి భోజనం ఒకేలా ఉండేలా చూసుకున్నాను: వంటింటి కాటాలో తూచిన 250 గ్రాముల అన్నం, పప్పు, బీరకాయ కూర, పెరుగు. మా ఆవిడ పది రోజులు బీరకాయ తొక్కు తీసీ తీసీ నన్ను తిట్టిపోసింది. తిన్నాక రూపాయి బిళ్ళ ఎగరేయడం. బొమ్మ పడితే డాబా మీద 15 నిమిషాలు నడక, బొరుసు పడితే కుర్చీలో కూర్చోవడం. మొదటి ముద్ద తిన్న గంటకి కొలత. ఒకవైపు ఐదు రాత్రులయ్యాక మిగతా రాత్రులు రెండోవైపుకే వదిలేశాను.

నడిచిన రాత్రులు: 138, 151, 129, 144, 140. సగటు 140.
కూర్చున్న రాత్రులు: 171, 163, 182, 149, 176. సగటు 168.

కూర్చున్న ఒక రాత్రి 149 వచ్చింది, నడిచిన ఒక రాత్రి 151 వచ్చింది. ఒక్కొక్క రోజే చూసి ఉంటే నడక దండగ అని రాసేవాణ్ణి. స్ట్రిప్పుల ఖర్చు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

బ్రాడీపేట_నాలుగో_లైను

శభాష్! మా డిగ్రీ పిల్లలకి రేపు ఇవే అంకెలిచ్చి లెక్క చేయిస్తాను, అనుమతి ఇస్తే. కారణం కూడా చెప్తాను. తిన్న చక్కెరలో పెద్ద వాటాని దాచుకునేది కండరాలే. కండ కదులుతున్నప్పుడు ఇన్సులిన్ పెద్దగా అడగకుండానే రక్తంలోంచి లాక్కుంటుంది. నడక గొప్పతనం కంటే, తిన్న వెంటనే నడవడంలో ఉంది కిటుకు.

సత్యనారాయణపురం_అత్తగారు

మగవాళ్ళు తిని డాబా ఎక్కుతారు, బాగానే ఉంది. అందరూ తిన్నాక పది గంటలకి నేను తింటాను. తర్వాత గిన్నెలు, పాలు తోడుపెట్టడం, రేపటి ఇడ్లీ పిండి. నా నడక వంటింట్లోనే. దసరాలకి అమ్మవారి కొండ మెట్ల పూజ చేస్తే పిక్కలు నాలుగు రోజులు పట్టేశాయి. రోజంతా పనిచేస్తున్నా ఎందుకిలా అని అప్పుడనిపించింది. నాకు 52. హిమోగ్లోబిన్ 9.8. మీ స్టడీల్లో నాలాంటిది ఎక్కడుందమ్మా?

పథ్యం_పద్మ

అత్తగారూ, ఉన్నారు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మీరు ఆ వయసు దాటారు కాబట్టి 9.8 ఎందుకుందో ముందు డాక్టరు చూడాలి. తిండిలో లోపమనే తీర్మానించుకోకండి. ఇది వాయిదా వెయ్యొద్దు. ఈలోగా టిఫిన్‌తో పాటే కాఫీ తాగే అలవాటుంటే గంట ఎడం ఇవ్వండి, ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకోండి. ఒంటికి ఐరన్ బాగా పడుతుంది.

పిక్కల సంగతి: వంటపని అలుపే కానీ కండకి బరువు పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకతో పాటు, కనీసం రెండు రోజులు కండలకి పని పెట్టమంది. ఆ రెండో సగాన్ని మనవాళ్ళు చదవరు. రక్తం సంగతి డాక్టరు చూశాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి, పదిసార్లు, కాస్త ఆగి మళ్ళీ పది. వంటగట్టు మీద చేతులానించి వంగి లేవండి. అది తేలికయ్యాక చేతికొకటి చొప్పున లీటరు నీళ్ళ సీసాలు పట్టుకోండి.

అన్నట్టు, ఆ పది గంటల భోజనం అందరితో పాటు ఎనిమిదిన్నరకి చెయ్యండి. దీనికి స్టడీ అక్కర్లేదు.

లెక్కల_రాజు

పద్మగారూ, ఆవకాయ గురించి మీరేమీ అనలేదని సంతోషించాను. అనరు కదా?

పథ్యం_పద్మ

అంటాను. మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు. నలుగురికి నెలకి 600 గ్రాములు. మీ ఇంటికి నెలకి ఎన్ని కిలో ప్యాకెట్లు వస్తాయి?

లెక్కల_రాజు

రెండు. పచ్చళ్ళకి కలిపేది విడిగా, కల్లుప్పు.

నిమ్మకాయ_నీళ్ళు

పొటాషియం కలిపిన ఉప్పు అమ్ముతున్నారుగా, అది వాడితే ఆవకాయ మానక్కర్లేదు అని ఎక్కడో చదివాను. ఈసారి నిజంగా చదివాను!

పథ్యం_పద్మ

ఈసారి మీరు సగం కరెక్టు. చైనాలో 600 ఊళ్ళల్లో దాదాపు 21 వేల మంది మీద చేశారు, 2021లో ఫలితం వచ్చింది. మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపి ఇస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. వాళ్ళు చాలావరకు అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళు, లేదా ముందే పక్షవాతం వచ్చినవాళ్ళు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకి మాత్రం అది ప్రమాదం. డాక్టర్ని అడగకుండా కొనొద్దు. ఆవకాయ మానక్కర్లేదని మాత్రం ఆ స్టడీలో ఎక్కడా లేదు.

లెక్కల_రాజు, జూన్ 2

మూడు నెలలు దాటింది. ఏ1సీ 5.8. పరగడుపు 101. బరువు 63, నడుం 35. గీత ఇంకా దాటలేదు, 5.7 లోపుకి రాలేదు. డాక్టరు గారు ఈసారి ఐదు నిమిషాలు మాట్లాడారు.

ఏం చేశానో చెప్తాను. రాత్రి డాబా నడక ఎప్పుడూ మానలేదు, కరెంటు పోయినా సరే. ఈ రోళ్ళు పగిలే ఎండల్లో పొద్దున ఏడు దాటితే బయట అడుగు పెట్టలేం కదా, మధ్యాహ్నం క్యారేజీ అయ్యాక షాపు మెట్లు మూడంతస్తులు రెండుసార్లు ఎక్కి దిగాను. గుమస్తా కుర్రాళ్ళు మొదట నవ్వారు, ఇప్పుడు ఇద్దరు నాతోనే ఎక్కుతున్నారు. అన్నం తూచి తినడం రెండు వారాలకే విసుగొచ్చి మానేశాను. తర్వాత చిన్న పళ్ళెం పెట్టమన్నాను. ఉడికించిన శనగలు షాపుకి నేనే తీసుకెళ్తున్నా. గుడ్లు వారానికి నాలుగు రోజులు, మిగతా రోజులు పెసరట్టు. కుర్చీ వ్యాయామం రెండు వారాలు చేశాను, మానేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. మెంతులు ఒక్క రోజు కూడా తినలేదు.

పునుగులు శనివారం ఒక్కరోజే. అంటే, దాదాపు.

ల్యాబ్_బాబాయ్

6.1 నుంచి 5.8 అంటే ఏ1సీ పరీక్షలోనూ కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దాని ఒక్కదాన్నే చూసి పొంగిపోను. కానీ నడుం రెండంగుళాలు తగ్గడం, పరగడుపు తగ్గడం, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంకో మూడు నెలలకి అదే ల్యాబ్‌లో చేయించండి.

సత్యనారాయణపురం_అత్తగారు

నాకు గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది, రక్తం తగ్గడానికి అదే కారణమట. మందులు మొదలుపెట్టారు. పద్మమ్మా, నువ్వు వాయిదా వెయ్యొద్దనకపోతే నేను దసరా దాకా వెళ్ళేదాన్ని కాదు. కుర్చీలోంచి లేవడం పన్నెండు దాకా వచ్చింది, డాక్టరమ్మ చెయ్యొచ్చు అంది. ఎనిమిదిన్నర భోజనం మాత్రం ఇంకా తొమ్మిదింబావు దగ్గరే ఆగింది. మా ఆయన ఈ మధ్య తన కంచం తనే కడుగుతున్నాడు.

లెక్కల_రాజు

అత్తగారూ, జాగ్రత్త. ఈ ఏడాది మా ఇంట్లో ఆవకాయ రెండు కిలోల కాయకే పెట్టించాను, ఎప్పుడూ ఐదు కిలోలు. మా అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. దీనికేమైనా ఉపాయం ఉంటే ఎవరైనా చెప్పండి.